సాల్మొనెల్లా పరీక్షకు ఎన్ని నమూనాలు తీయాలి?

ప్రశ్న: మేము పొడి రూపంలో ఉండే ఆహార పదార్థాలను తయారు చేస్తాం. ఆహారం ద్వారా జబ్బు తెచ్చే బ్యాక్టీరియా సాల్మొనెల్లా పరీక్ష కోసం ప్రతి లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) నుంచి 25 గ్రాముల చొప్పున 5 నమూనాలను ల్యాబ్‌కు పంపుతున్నాం. ఇంతవరకూ అన్నీ నెగెటివ్‌గానే వచ్చాయి. ఇప్పుడు మా పొడిని శిశు ఆహారంలో వాడబోతున్న ఒక కొనుగోలుదారు 60 నమూనాలు పరీక్షించాలని పట్టుబడుతున్నారు. లాట్ పరిమాణం మారనప్పుడు నమూనాల సంఖ్య ఎందుకు పెరగాలి? సంచుల సంఖ్యకు వర్గమూలం కట్టి అన్ని నమూనాలు తీస్తే సరిపోదా?

జవాబు: వర్గమూలం లెక్క చాలా చోట్ల వాడుకలో ఉన్నా, సాల్మొనెల్లా విషయంలో దానికి ఆధారం లేదు. మనం తీసే నమూనా మొత్తం లాట్‌లో చాలా చిన్న భాగమైనప్పుడు, ఆ లాట్‌లో వంద సంచులున్నా పదివేల సంచులున్నా కాలుష్యం దొరికే అవకాశం దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ అవకాశాన్ని నిర్ణయించేవి రెండే: లాట్‌లో ఎంత భాగం కలుషితమైంది, మనం ఎన్ని నమూనాలు తీశాం.

మీ లాట్‌ను 25 గ్రాముల భాగాలుగా విడదీస్తే ప్రతి వందలో పది భాగాల్లో బ్యాక్టీరియా ఉందనుకుందాం. ఇది చాలా తీవ్రమైన కాలుష్యం. ఒక నమూనా శుభ్రంగా తేలే అవకాశం 0.9, అయిదు నమూనాలూ శుభ్రంగా తేలే అవకాశం 0.9ని అయిదు సార్లు గుణిస్తే వచ్చే 0.59. అంటే అలాంటి లాట్లు వంద వస్తే 59 మీ పరీక్ష దాటి బయటికి వెళ్లిపోతాయి. కాలుష్యం వందకు ఒక భాగమే ఉంటే 95 లాట్లు దాటిపోతాయి. కాబట్టి ఇన్నాళ్లూ నెగెటివ్‌లు వచ్చాయన్న మాట మీకు ఇవ్వగలిగిన ధైర్యం చాలా తక్కువ.

60 నమూనాలు తీస్తే వందకు పది భాగాలు కలుషితమైన లాట్ తప్పించుకునే అవకాశం అయిదు వందల్లో ఒకటి కూడా ఉండదు. వందకు అయిదు భాగాలైతే దాదాపు 5 శాతం ఉంటుంది. కానీ కాలుష్యం వందకు ఒక్క భాగమే అయితే, 60 నమూనాలు తీసినా అలాంటి లాట్లలో సగానికి పైగా, అంటే దాదాపు 55 శాతం, దాటిపోతాయి. దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే 299 నమూనాలు కావాలి. ఈ కారణంగానే పరీక్ష ఒక్కదానిమీదే ఆధారపడి ఏ ఆహారాన్నీ సురక్షితమని చెప్పలేం. వేడిచేసే దశ సరిగా పనిచేయడం, ఆ దశ దాటాక తయారీ గదిలో తడి చేరకుండా చూడడం, నేలనూ యంత్రాల చుట్టుపక్కలనూ క్రమం తప్పకుండా స్వాబ్ తీసి (దూదిపుల్లతో తుడిచి) పరీక్షించడం, ఇవే అసలు రక్షణ అని నా దృఢమైన అభిప్రాయం.

ఇక 60 అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆహారాన్ని ఎవరు తింటారు, తినేలోపు దానికి ఏం జరుగుతుంది అన్న రెండు విషయాల నుంచి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ప్రయోగ పద్ధతుల సంకలనం ఆహారాలను మూడు తరగతులుగా విభజిస్తుంది. నమూనా తీసిన తర్వాత, తినడానికి ముందు సాల్మొనెల్లాను చంపే ప్రక్రియ ఏదైనా జరిగే ఆహారానికి 15 నమూనాలు. అలాంటి ప్రక్రియ లేకుండా సాధారణ ప్రజలు తినేదానికి 30. ఆ ప్రక్రియ లేకుండానే దాన్ని తినేవారు శిశువులు, వృద్ధులు, రోగులు అయితే 60. శిశువుల పాలపొడికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2008లో ఇచ్చిన ప్రమాణం కూడా 25 గ్రాముల చొప్పున 60 నమూనాలు, ఒక్కటి కూడా పాజిటివ్ రాకూడదు. మీ కొనుగోలుదారు అడిగింది అదే. పసిబిడ్డ నోట్లోకి వెళ్లే పొడికి అది ఎక్కువేమీ కాదు.

60 నమూనాలు కలిపితే 1,500 గ్రాములు. బ్యాక్టీరియా పొడి అంతటా సమానంగా చెదిరి ఉంటే, 500 గ్రాములకు ఒక కణం చొప్పున ఉన్నా ఈ పరీక్ష 95 శాతం సందర్భాల్లో పట్టుకుంటుంది. అయితే పొడి పదార్థంలో అది సమానంగా చెదిరి ఉండడం అరుదు. పైకప్పుకు తగిలి చల్లబడి నీరైన ఆవిరి చుక్కై కన్వేయర్ మీద పడితే, ఆ కొద్ది పొడి మాత్రమే తడిసి కలుషితమవుతుంది. అందుకే నమూనాలను నింపే ప్రక్రియ మొదలైనప్పటి నుంచి ముగిసే దాకా విడతల వారీగా తీయాలి. యంత్రం ఆగి మళ్లీ నడిచిన వెంటనే వచ్చిన పొడిని వదలకూడదు. ఒకే సంచి నుంచి 1,500 గ్రాములు తీస్తే అది ఒక్క నమూనా కిందే లెక్క.

ప్రశ్న: 60 పరీక్షలకయ్యే ఖర్చు భరించడం కష్టం. నమూనాలను కలిపి పరీక్షించవచ్చా?

జవాబు: కలపవచ్చు. 15 నమూనాలను కలిపి 375 గ్రాములుగా పరీక్షించడం అందరికీ తెలిసిన పద్ధతే. అలా 60 నమూనాలు నాలుగు పరీక్షలవుతాయి. ఒక్క పాజిటివ్‌కే లాట్ తిరస్కరించాలి కాబట్టి పదిహేనింటిలో ఏది పాజిటివ్ అన్నది తెలియకపోయినా నష్టం లేదు. అయితే 25 గ్రాములకు 225 మిల్లీలీటర్ల చొప్పున పోషక ద్రవం పోయాలంటే 375 గ్రాములకు 3,375 మిల్లీలీటర్లు కావాలి. ఇంత ద్రవాన్ని చల్లగా ఇంక్యుబేటర్‌లో పెడితే అది వేడెక్కడానికే గంటలు పడుతుంది, ఆ మేరకు బ్యాక్టీరియా పెరిగే సమయం తగ్గిపోతుంది. ముందే వేడిచేసిన ద్రవాన్ని వాడుతున్నారా అని మీ ల్యాబ్‌ను అడగండి. మీ పొడిలో లవంగం, దాల్చినచెక్క వంటివి ఉంటే అవి బ్యాక్టీరియా పెరుగుదలను అణచి తప్పుడు నెగెటివ్ ఇస్తాయి; దాల్చినచెక్కకు 1:100, లవంగానికి 1:1000 దాకా పలచన చేయాల్సి ఉంటుంది. కలిపి చేసే పరీక్ష మీ ఉత్పత్తికి సరిపోతుందని ల్యాబ్ ముందుగా నిరూపించి చూపాలి.

ప్రశ్న: ఒకసారి పాజిటివ్ వచ్చి, అదే లాట్ నుంచి మళ్లీ తీసిన 5 నమూనాలు నెగెటివ్ వస్తే లాట్‌ను విడుదల చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. వందకు అయిదు భాగాలు కలుషితమైన లాట్ నుంచి 5 నమూనాలు మళ్లీ తీస్తే అన్నీ నెగెటివ్ వచ్చే అవకాశం 77 శాతం. రెండో ఫలితం మొదటిదాన్ని రద్దు చేయదు. ల్యాబ్‌లోనే పొరపాటు జరిగిందని రికార్డులతో రుజువైతే తప్ప మొదటి పాజిటివ్ నిజమే. ఆ లాట్‌ను ఆపి, చివరిసారి పూర్తిగా శుభ్రం చేసి క్రిమిరహితం చేసినప్పటి నుంచి మళ్లీ అలా చేసే వరకు అదే యంత్రంలో తయారైన పొడినంతా దానితో పాటు నిలిపివేయండి. దొరికిన సాల్మొనెల్లాను పారేయకుండా భద్రపరచమని ల్యాబ్‌కు చెప్పండి. తర్వాత మీ తయారీ గదిలో స్వాబ్‌లలో ఏదైనా బయటపడితే, రెంటి జన్యుక్రమాన్నీ పోల్చి కాలుష్యం ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తించడానికి అదే ఆధారమవుతుంది.