నర్సింగ్ పూర్తవుతున్న అమ్మాయికి ఎన్‌క్లెక్స్ ముందా, వార్డు ముందా?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉంది. మూడున్నర లక్షలు కడితే ఎన్‌క్లెక్స్ కోచింగ్ ఇప్పించి, ఏడాదిలో అమెరికా పంపిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదట్లో జీతాలు చాలా తక్కువని తోటి పిల్లల తల్లిదండ్రులు చెబుతున్నారు. ఉన్న ఎకరం తాకట్టు పెట్టి డబ్బు కట్టమంటారా? (ఒక తండ్రి)

జవాబు: అయ్యా, నమస్కారం. పొలం తాకట్టు పెట్టకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటి చోట్ల నెలాఖరు గడువు పెట్టి తొందరపెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఆ తొందరలోనే తప్పులు జరుగుతాయి. మీ అమ్మాయి ఎంచుకున్న చదువు మంచిది, ఆమె భవిష్యత్తు గురించి నాకు దిగులు లేదు. నా దిగులల్లా ఆమె మొదటి అడుగు అప్పుతో పడుతుందేమోనని.

ఎన్‌క్లెక్స్ పాసైతే అమెరికా వెళ్లిపోవచ్చని చాలామంది అనుకుంటారు. అది అక్కడి రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు లైసెన్సు ఇవ్వడానికి పెట్టే పరీక్ష మాత్రమే. డ్రైవింగ్ లైసెన్సు వచ్చినంత మాత్రాన ఎవరూ కారు కొనివ్వరు కదా. లైసెన్సు అర్హత వచ్చాక ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇవ్వాలి. ఆ ఆసుపత్రే ఈబీ-3 అనే కేటగిరీలో గ్రీన్‌కార్డు పిటిషన్ వేయాలి. ఆ క్యూ పుట్టిన దేశాన్ని బట్టి నడుస్తుంది. ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. సాఫ్ట్‌వేర్ పిల్లలు వెళ్లే హెచ్‌1బీ వీసాకు నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగం కావాలి. అమెరికాలో రెండేళ్ల కోర్సు చేసినవాళ్లు కూడా రిజిస్టర్డ్ నర్సు కావచ్చు కాబట్టి, మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. అందుకే "ఏడాదిలో అమెరికా" అన్న మాట దగ్గరే మీరు ఆగిపోవాలి.

ఇక ఖర్చు. ఎన్‌క్లెక్స్ ఫీజు 200 డాలర్లు. మన దేశంలోని సెంటర్లో రాస్తే ఇంకో 150 డాలర్లు. రెండూ కలిపి సుమారు 30 వేల రూపాయలు. దీనికి తోడు మన సర్టిఫికెట్లను పరిశీలించే సంస్థ ఫీజు, రాష్ట్ర బోర్డు దరఖాస్తు ఫీజు, ఇంగ్లిష్ పరీక్ష ఫీజు ఉంటాయి. ఇవన్నీ అమ్మాయే సొంతంగా, ఆన్‌లైన్‌లో, విడతలవారీగా కట్టుకోగలదు. పరీక్ష రాయడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు, హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. ఇంకో సంగతి. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. రిజిస్టర్డ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సర్వీస్ చార్జీకి పరిమితి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. మిమ్మల్ని అడుగుతున్నది మూడున్నర లక్షలు. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు అడిగి చూడండి, జవాబు ఎలా వస్తుందో మీకే తెలుస్తుంది.

అలాగని ఎన్‌క్లెక్స్ వద్దని నేను అనడం లేదు. చాలా మంచి పరీక్ష అది. కెనడా 2015 నుంచి దాన్నే వాడుతోంది. విదేశాల్లో చదివిన నర్సులకు ఆస్ట్రేలియా కూడా ముందు ఎన్‌క్లెక్స్, తర్వాత ప్రాక్టికల్ పరీక్ష పెడుతోంది. ఒక్కసారి పాసైతే ఆ కష్టం ఊరికే పోదు. కాకపోతే రాయాల్సిన సమయం ఇది కాదు. కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు వార్డులో పనిచేశాక రాయాలి. ఎందుకో చెబుతాను, ఈ భాగం మీ అమ్మాయికి చదివి వినిపించండి.

అమ్మా, మన యూనివర్సిటీ పరీక్షల్లో "ఫ్రాక్చర్ అంటే ఏమిటి, రకాలు రాసి నర్సింగ్ కేర్ వివరించండి" అని అడుగుతారు. నువ్వు నాలుగు పేజీలు రాస్తావు. ఎన్‌క్లెక్స్ అలా అడగదు. నీకు నలుగురు పేషెంట్లను అప్పగిస్తుంది. ఒకరికి అపెండిక్స్ ఆపరేషన్ జరిగి రెండో రోజు, నొప్పి పదికి ఆరు. ఇంకొకరికి షుగర్ 160. మూడో పేషెంటు కాలికి పొద్దునే సిమెంటు కట్టు వేయించుకున్న కుర్రాడు, కాలివేళ్లు తిమ్మిరెక్కాయి, చల్లగా ఉన్నాయి అంటున్నాడు. నాలుగో ఆయన డిశ్చార్జి కాగితాల కోసం విసుక్కుంటున్నాడు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు? ఎక్కువ గట్టిగా అరిచేది నాలుగో ఆయన, ఎక్కువ నొప్పి అంటున్నది మొదటి ఆయన. కానీ వెళ్లాల్సింది ఆ కుర్రాడి దగ్గరికి. కట్టు కింద వాపు వల్ల రక్తప్రసరణ ఆగిపోతూ ఉండొచ్చు, కొన్ని గంటలు ఆలస్యమైతే కాలికే ప్రమాదం. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఆర్థో వార్డులో ఒక రాత్రి డ్యూటీ చేసి, అలాంటి వేళ్లను చేత్తో తాకి చూసినవాళ్లకు ఈ ప్రశ్నకు పది సెకన్లు చాలు.

2023 ఏప్రిల్ నుంచి ఈ పరీక్ష ఇంకా ఆ వైపుకే జరిగింది. ఒకే పేషెంటు కథ మీద ఆరేసి ప్రశ్నలు ఇచ్చే కేస్ స్టడీలు వచ్చాయి. నర్సు నోట్స్, ల్యాబ్ రిపోర్టులు, మందుల చార్టు అన్నీ స్క్రీన్ మీద ఉంటాయి. అందులో ఏది ముఖ్యమో గుర్తుపట్టడం, దాని అర్థం తేల్చుకోవడం, ముందు ఏం చేయాలో నిర్ణయించడం, చేశాక ఫలితం చూడడం వరకూ అడుగుతారు. మొత్తం ఐదు గంటల సమయం. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. సరిగా చెబుతూ ఉంటే ప్రశ్నలు కఠినమవుతూ పోతాయి. కాబట్టి పరీక్ష మధ్యలో ప్రశ్నలు కష్టంగా ఉన్నాయని టెన్షన్ పడొద్దు. ఫెయిలైతే 45 రోజుల తర్వాతే మళ్లీ రాయగలవు, ఫీజు మళ్లీ కట్టాలి.

చదివే పద్ధతి కూడా దీన్నిబట్టే ఉండాలి. థియరీ పుస్తకాలు మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేయడం కన్నా, రోజుకు యాభై, అరవై ప్రశ్నలు చేసి, ప్రతిదానికీ వివరణ చదవడం మేలు. తప్పు చేసినవాటికే కాదు, సరిగా పెట్టినవాటికీ చదవాలి. చాలాసార్లు సరైన జవాబు తప్పు కారణంతో పెడతాం. మందుల పేర్లలో తేడాలు ఒక కాగితం మీద రాసుకో: మనం పారాసిటమాల్ అన్నది అక్కడ ఎసిటమినోఫెన్, సాల్‌బ్యుటమాల్ అక్కడ ఆల్‌బ్యుటెరాల్, అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. జ్వరం ఫారెన్‌హీట్‌లో, సెల్సియస్‌లో రెండింట్లోనూ పోల్చుకోగలగాలి. ఇంకో తేడా చాలామందిని ముంచుతుంది. మన దగ్గర ఏ ఇబ్బంది వచ్చినా ముందు డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేయడం అలవాటు. ఆ పరీక్ష చాలాచోట్ల ఫోన్‌కు ముందు నువ్వేం చేస్తావని అడుగుతుంది. ఆయాసపడుతున్న పేషెంటును లేపి కూర్చోబెట్టావా, ఆక్సిజన్ ఎంతుందో చూశావా, రక్తం ఎక్కుతుండగా చలి వణుకు వస్తే ఆ బ్యాగు ఆపావా?

అందుకే, అయ్యా, ఆమె మొదటి ఉద్యోగమే ఈ పరీక్షకు మంచి కోచింగ్.

ఇప్పుడు ఆ ఉద్యోగం సంగతి. మన దేశంలో నర్సుగా పనిచేయడానికి విడిగా లైసెన్సు పరీక్ష లేదు. కోర్సు పాసయ్యాక తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకోవాలి, అంతే. కానీ ఆ ఒక్క పనినీ పిల్లలు నెలల తరబడి వాయిదా వేస్తారు. తర్వాత మంచి నోటిఫికేషన్ వస్తుంది, గడువు తేదీ నాటికి రిజిస్ట్రేషన్ ఉండదు, ఆ ఏడాది పోతుంది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే దరఖాస్తు చేయించండి.

ప్రైవేటు ఆసుపత్రుల జీతాల గురించి మీరు విన్నది నిజమే, నాకూ బాధగానే ఉంటుంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలనీ, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రుల్లో కూడా 20 వేలకు తగ్గకూడదనీ సిఫార్సు చేసింది. అది చాలాచోట్ల కాగితం దాటి రాలేదు. కాబట్టి మొదటి ఉద్యోగంలో జీతం ఒక్కటే చూసి నిర్ణయించొద్దు. రెండు మూడు వేలు తక్కువైనా పెద్ద ఆసుపత్రిలో, ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్నచోట, మెడికల్ వార్డులోనో ఐసీయూలోనో చేరడం మంచిది. కొత్తవాళ్లకు ఓరియెంటేషన్ ఎన్ని వారాలు? సీనియర్ సిస్టర్ పక్కన ఎన్ని రోజులు ఉంచుతారు? ఒక్కో నర్సుకు ఎంతమంది పేషెంట్లు? హాస్టల్ ఉందా, రాత్రి డ్యూటీకి బండి పంపుతారా? ఇవి ఇంటర్వ్యూలో అడగడం తప్పు కాదు. ఓపీ కౌంటర్లోనో, ఇన్సూరెన్స్ డెస్కులోనో కూర్చోబెట్టే ఉద్యోగం జీతం ఎక్కువైనా వద్దు, చేతికి పని రాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. చూపించి వెనక్కి తెచ్చుకోండి, జిరాక్సులు ఇవ్వండి. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి రెండేళ్ల బాండు మీద చేరి ఒరిజినల్స్ ఇచ్చేసింది. ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన రోజు వచ్చింది, ఆ ఆసుపత్రి కాగితాలు ఇవ్వలేదు. ఆ రోజు ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

ప్రభుత్వ ఉద్యోగం దారి కూడా మూసుకోలేదు. ఎయిమ్స్ వాళ్లు 2020 నుంచి నార్సెట్ అనే ఉమ్మడి పరీక్ష పెడుతున్నారు. దాంతోనే మన బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లతో సహా దేశంలోని ఎయిమ్స్‌లకు నర్సింగ్ ఆఫీసర్లను తీసుకుంటారు. మూల వేతనమే 44,900. ప్రిలిమ్స్‌లో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. బీఎస్సీ పాసై రిజిస్ట్రేషన్ ఉంటే అనుభవం లేకుండానే రాయొచ్చు. వయసు పరిమితి 30 ఏళ్లు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు. మీ అమ్మాయికి ఇది ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పరీక్ష. మొదటిసారి రాకపోయినా నిరాశ వద్దు, ఏడాదికి రెండుసార్లు జరుగుతోంది.

తెలంగాణ ప్రభుత్వ పోస్టులు మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా భర్తీ అవుతాయి. 2024లో 2,050 పోస్టులకు పెట్టిన పరీక్షలో రాతకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు ఇచ్చారు. ఆరు నెలల సేవకు 2 మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. మీ సూర్యాపేటలోనే 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. అక్కడి ఆసుపత్రిలో కాంట్రాక్టు పోస్టు పడితే చిన్నచూపు చూడకండి. ఇంటి దగ్గర ఉంటుంది, రద్దీ ఎక్కువ కాబట్టి పని త్వరగా వస్తుంది, పైగా మార్కులు.

గల్ఫ్ గానీ, జర్మనీ గానీ ఆలోచనలో ఉంటే, విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందు అడగండి. జర్మనీకి అయితే భాష నేర్చుకోవాలి, దానికి నెలల సమయం పడుతుంది.

చివరగా, ఈ వారమే చేయదగ్గ పని ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. అమ్మాయి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, నర్సింగ్ మార్కుల మెమోలు, ఆధార్ అన్నీ ఒకచోట పరిచి పేరు ఎలా ఉందో చూడండి. మనవాళ్లకు ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఒక్క అక్షరమే ఉంటుంది, మరోచోట పేరు చివరకు పోతుంది. ఎన్‌క్లెక్స్ సెంటర్లో పాస్‌పోర్టులో పేరు, అనుమతి పత్రంలో పేరు తేడా ఉంటే లోపలికి రానివ్వరు. తేడా ఉంటే కాలేజీ ఆఫీసు ద్వారా వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీలో ఇప్పుడే సరిచేయించండి, కాలేజీలో ఉండగా అయ్యే పని బయటికొచ్చాక పది తిరుగుళ్లు పడుతుంది. పాస్‌పోర్టు లేకపోతే, పదో తరగతి మెమోలో ఉన్న పేరుతోనే దరఖాస్తు చేయించండి.