ఉష్ణోగ్రత మారకుండా వాయువును నొక్కితే పీడనం ఎంత పెరుగుతుంది?

ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే, వాయువు ఘనపరిమాణం ఎన్ని రెట్లు తగ్గితే దాని పీడనం అన్ని రెట్లు పెరుగుతుంది. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రచురించిన నియమం ఇదే: పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చే విలువ మారదు.

వాయువులోని అణువులు పాత్ర గోడలను ఎడతెగకుండా ఢీకొంటుంటాయి. ఆ తాకిడినే మనం పీడనం అంటున్నాం. చోటు సగమైతే అవే అణువులు రెట్టింపు దట్టంగా చేరతాయి, గోడలో ప్రతి చదరపు సెంటీమీటరుకూ సెకనుకు తగిలే దెబ్బలు రెట్టింపవుతాయి.

సూది లేని సిరంజిలోకి 10 మిల్లీలీటర్ల గాలి లాగి, మూతిని వేలితో గట్టిగా మూసి, నెమ్మదిగా 5 దాకా నొక్కండి. లోపలి పీడనం 1 అట్మాస్ఫియర్ (అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) నుంచి 2కి చేరుతుంది. ఇంకో రెండున్నర మిల్లీలీటర్లు నొక్కితే చాలు, 4 అవుతుంది! లోపలికి వెళ్లేకొద్దీ పిస్టన్ అంతగా మొరాయించేది అందుకే.

నొక్కినప్పుడు అణువుల వేగం పెరిగి, అవి బలంగా గుద్దడం వల్లే పీడనం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. సగటు వేగం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. ఉష్ణోగ్రత మారనప్పుడు దెబ్బల సంఖ్యే పెరుగుతుంది, ఒక్కో దెబ్బ బలం సగటున అంతే ఉంటుంది. సైకిల్ పంపును గబగబా కొడితే గాలి వేడెక్కుతుంది కాబట్టి అక్కడ ఈ లెక్క సరిపోదు. నెమ్మదిగా నొక్కమన్నది అందుకే, ఆ వేడి బయటికి పోవాలి.