నీళ్లు తాగి నడువు తల్లీ

చిట్టీ,

శివరాత్రికి వెంకటాపురం మీదుగా శ్రీశైలానికి నడిచిపోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా తర్వాత మన ఇంట్లో ఆ అడవిదారి తొక్కేవాళ్లు ఉండరనుకున్నా. ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ ఇంకో మాట అంది చూడు, దాంతో రాత్రంతా కంటిమీద కునుకు లేదు. ‘తాతలాగా నేను కూడా నీళ్లు ముట్టకుండా నడుస్తా’ అన్నావంట! ఫోన్‌లో చెప్తే ‘సరేలే అవ్వా’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

ముందు చిన్న సంగతులు. అడవిశాఖ వాళ్లు ఆ దారి ఎన్ని రోజులు వదులుతారో కనుక్కుని ఆ రోజుల్లోనే పో. కొత్త చెప్పులు వద్దు. బరువు మోయొద్దు, దారంతా అన్నదానాలు పెడతారు. ప్లాస్టిక్ సంచులు తీసుకపోకు, పారేయకు. అది పులుల అడవి, దేశంలో అంత పెద్ద పులుల అభయారణ్యం ఇంకోటి లేదు. మీ అమ్మకు ఆ పులులదే బెంగ. నాకైతే ఆ భయం లేదు. పొద్దుగూకినాక గుంపు వదిలి పక్కకు పోకుంటే చాలు. నా భయమంతా ఎండ గురించే. మాఘమాసంలో ఎండేంటి అనుకుంటావేమో. అప్పటికి నల్లమల చెట్లు ఆకులు రాల్చి మోడులై ఉంటాయి. తలమీద నీడే ఉండదు.

ఇప్పుడు మీ తాత సంగతి చెప్తా. చిన్నప్పుడు మీ అమ్మకు టైఫాయిడ్ వచ్చి చావుదాకా పోయి బతికింది. ఆ మొక్కు తీర్చడానికే ఇద్దరం బయల్దేరినాము. నాగలూటి వీరభద్రస్వామి ముందర నిలబడి, నాకు ఒక మాటైనా చెప్పకుండా, మల్లన్న గుడి కనపడేదాకా నీళ్లు ముట్టనని అనేసినాడు. నేను పోట్లాడినా. ‘దేవుడితో అన్నమాట నీకెందుకు’ అన్నాడు. పెచ్చెరువు దాకా బాగానే నడిచినాడు. ఆ రాత్రి అందరూ అంబలి తాగుతుంటే ఈయన గుడ్డ కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మఠంబావి దాటేసరికే మాట తడబడింది. పిలిస్తే ఒకదానికి ఇంకోటి చెప్తున్నాడు. అంతసేపూ కారిన చెమట ఆగిపోయింది. ఎండకు అలవాటుపడి ఒళ్లు చల్లబడిందని పక్కన నడిచే పెద్దమనిషి అంటే నిజమే కాబోలనుకున్నా. చెయ్యి పట్టుకుంటే పెనం మాదిరి కాలుతోంది. చిట్టీ, ఇది గుర్తుపెట్టుకో. ఎండలో నడిచే మనిషికి చెమట ఆగి, ఒళ్లు కాలి, మాట తేడా వచ్చిందంటే అది ప్రాణం మీదికొచ్చినట్టే. నీకే కాదు, నీ పక్కన నడిచేవాళ్లకు వచ్చినా అంతే. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరాలి, మనుషుల్ని కేకేయాలి. తెలివి ఉంటేనే నీళ్లు తాగించాలి, కొంచెం కొంచెంగా.

భీమునికొలను దగ్గర లోయలోకి దిగి, మళ్లీ నిట్టనిలువుగా మెట్లెక్కాలి. ఆ దారి మొత్తం మీద కష్టమైన చోటు అదే. సగం ఎక్కి మీ తాత కూలబడిపోయినాడు. ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో కొట్టి నీళ్లు రప్పించిన చోటంట అది! అట్లాంటి చోట నా మొగుడు నాలుక పిడచకట్టుకుపోయి పడి ఉంటే, నేను నీళ్లచెంబు పట్టుకుని బతిమాలుతున్నా. పళ్లు బిగించినాడే గానీ నోరు తెరవలేదు. నాకు ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది.

అప్పుడు ఒక చెంచు ముసలామె వచ్చింది. కొండదారి పక్కన నీళ్లకుండ పెట్టుకుని కూర్చున్న మనిషి. సంగతి విని ఆయన గడ్డం పట్టుకుని, ‘మల్లన్న మా ఇంటి అల్లుడు నాయనా. మేం చెప్తే ఏమీ అనడులే, తాగు’ అంది. మల్లన్న చెంచుల పిల్లను చేసుకున్నాడని వాళ్ల నమ్మకం, ఆయన్ను చెంచుమల్లయ్య అనే పిలుస్తారు. అత్తింటివాళ్లే చెప్పినాక ఇంకేమంటాడు? తాగినాడు. ముందు రెండు గుక్కలు, తర్వాత చెంబెడు. ఆమె తన చీరకొంగు తడిపి ఆయన తలకు చుట్టింది. పొద్దు వాలినాక లేపి, ఇద్దరు పట్టుకుంటే కైలాసద్వారం ఎక్కినాడు.

ఊరికొచ్చినాక మీ తాత చెప్పిన కథలో ఆ ముసలామె లేదు, చెంబూ లేదు. పదిమందిలో గొప్పగా చెప్పుకుంటుంటే నేనెందుకు అడ్డుపడతాను? నవ్వుకుని ఊరుకున్నా. పోయిన మనిషి మీద చాడీ చెప్తోందనుకోకు. ఆ మొండితనం నీకు వచ్చిందని తెలుసు గనక చెప్తున్నా. నీకు ఉపవాసమే ఉండాలనుంటే కొండమీదికి చేరినాక, శివరాత్రినాడు గుడి నీడలో కూర్చుని ఉండు. నడిచేటప్పుడు మాత్రం దాహం కాకముందే గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండు. ఉప్పు వేసిన మజ్జిగ ఇస్తే వద్దనకు. మందులషాపులో ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు కొని పెట్టుకో.

పైకి చేరినాక లింగాన్ని తాకనీయలేదని గొడవపడకు. ఒకప్పుడు కాళ్లకు దుమ్ము ఉండగానే పోయి స్వామిని తాకేవాళ్లు, ధూళిదర్శనం అని. ఇప్పుడు శివరాత్రి రద్దీలో దూరంనుంచి చూపించి పంపేస్తారు, అంత జనానికి వాళ్లు మాత్రం ఏం చేస్తారు. ఆ రాత్రి మాత్రం నిద్రపోవద్దు. లింగోద్భవ వేళ దీపాలన్నీ ఆర్పేసి, చీరాల వైపు నుంచి వచ్చిన నేతవాళ్లు గుడి విమానానికీ నందులకూ పాగా చుడతారు. రోజుకొక మూర చొప్పున ఏడాదంతా నేసిన గుడ్డ అది. స్వామి కల్యాణానికి తలపాగా. నాకు ఆ కొండమీద అన్నిటికంటే ఇష్టమైంది అదే.

పాతాళగంగకు రోప్‌వే ఉంది. అంత దూరం నడిచినదాన్ని ఈ మెట్లొక లెక్కా అని పౌరుషానికి పోకుండా దాంట్లోనే దిగు. సాక్షిగణపతి దగ్గర మనింటి వాళ్లందరి పేర్లూ చెప్పు. దార్లో చెంచువాళ్లు ఎవరైనా నీళ్లిస్తే ఊరికే తాగి రాకు, చేతిలో ఏదన్నా పెట్టు. నీ ఖర్చులకని మీ అమ్మకు రెండువేలు పంపినా, అడిగి తీసుకో.

మీ అవ్వ