ఐదో తరగతికి బలం పాఠం చెప్పబోయే మేనకోడలికి

అమ్మా,

ఆశీస్సులు. బలం, ద్రవ్యరాశి (వస్తువులో ఎంత పదార్థం ఉందో అది), త్వరణం సంగతి చిన్నపిల్లలకు ఎలా చెప్పాలని ఫోన్లో అడిగావు కదా. ముందు "బలం = ద్రవ్యరాశి × త్వరణం" అనే సూత్రం మాత్రం బోర్డు మీద రాయకు. న్యూటన్ 1687లో పుస్తకం వేశాడన్న మాట కూడా ఆఖర్లో చెప్పినా చాలు.

నేను మొదటిసారి ఈ పాఠానికి తిరుమల ఘాట్ రోడ్డు బస్సును పట్టుకున్నాను. ఖాళీ బస్సు చకచకా ఎక్కుతుంది, జనం నిండితే మూలుగుతూ ఎక్కుతుంది అన్నాను. వెనక బెంచీ పిల్లోడొకడు లేచి, "దిగేటప్పుడు ఇంజను లాగకపోయినా పరిగెత్తుతుంది కదా సార్?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాలు మీద భూమి లాగడం కూడా కలుస్తుంది మరి. అందుకే చదును నేల మీది ఉదాహరణే తీసుకో.

మీ చిత్తూరులో మామిడి కాలంలో తోపుడు బండ్లకు కొదవా? ఖాళీ బండి తోయగానే సర్రున కదులుతుంది. నాలుగు క్రేట్ల తోతాపురి కాయలు ఎక్కిస్తే, అంతే గట్టిగా తోసినా మెల్లగా ఊపందుకుంటుంది. ఇంకొకరు చెయ్యి వేస్తే మళ్లీ తొందరగా. ఇది పిల్లలే చెబుతారు, నువ్వు అడిగితే చాలు.

"అంతే గట్టిగా" అన్నదే చిక్కు. చెయ్యి రెండుసార్లు ఒకేలా తోయదు. బొమ్మ కారుకు దారం కట్టి, బల్ల అంచున పెట్టిన దారపు రీలు మీదుగా కిందికి వదిలి, కొసకు ఇనుప నట్టు వేలాడదియ్యి. నట్టు కారు కన్నా బాగా తేలికైనదైతే లాగుడు ఇంచుమించు మారదు. చక్రాలకు చుక్క నూనె వెయ్యి, లేకపోతే ఘర్షణ ఆట చెడగొడుతుంది. మొదట ఉత్త కారు, తర్వాత పైన రాళ్లు, ఆ తర్వాత అవే రాళ్లతో రెండు నట్టులు. బల్ల దాటడానికి ఎంతసేపు పట్టిందో వాళ్లే రాసుకోవాలి.

త్వరణం అంటే వేగం అనుకుంటారు, జాగ్రత్త. వేగం ఎంత తొందరగా మారుతోందన్నదే త్వరణం. 1 కిలో వస్తువును 1 న్యూటన్ బలంతో లాగుతూ ఉంటే, ఘర్షణ లేకపోతే, ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరుగుతుంది. భాగహారం వచ్చిన పిల్లలకు పంపకంలా చెప్పు: 10 న్యూటన్లను 2 కిలోలకు పంచితే త్వరణం 5, అదే 5 కిలోలకు పంచితే 2.

ద్రవ్యరాశిని బరువు అనే పిల్లలను గద్దించకు, మనమూ అంగడిలో అలాగే అంటాం. చంద్రుడి మీద పుస్తకాల సంచి ఎత్తితే ఆరో వంతు బరువే ఉంటుంది, కానీ నున్నటి నేల మీద తోసి ఊపు తెప్పించాలంటే ఇక్కడున్నంత పనీ ఉంటుందని చెప్పి చూడు. ఆ పూట ఇంక వేరే పాఠం సాగదు.

నా పాత నట్టులు బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ఆదివారం తిరుపతి వచ్చినప్పుడు తీసుకెళ్లు. దారపు రీలు మీ అత్తను అడుగు, నేనడిగితే ఇవ్వదు.

మీ మామయ్య