ఆ మైనస్ ఏమైపోయింది సార్?

ప్రశ్న: సార్, నేను సివిల్ సెకండియర్. ఒక పుస్తకంలో బెండింగ్ స్ట్రెయిన్ (బీమ్ వంగినప్పుడు పొడవు ఎంత వంతు మారిందో) అంటే మైనస్ వై బై ఆర్ అని ఉంది (వై అంటే పొడవు మారని మధ్య పొర నుంచి దూరం, ఆర్ అంటే వంపు రేడియస్), ఇంకోదాంట్లో మైనస్ లేకుండా ఉత్త వై బై ఆర్. దేన్ని నమ్మాలి? ఈ సైన్ గోలలో ఇంటర్నల్‌లో మార్కులు కూడా పోయాయి.

జవాబు: రెండూ కరెక్టే, రెండూ కలిపేస్తేనే కొంప మునిగేది. ఫార్ములా కాసేపు పక్కన పెట్టండి. ఒక పెద్ద రబ్బరు తీసుకుని, పక్క వైపు పెన్నుతో నాలుగైదు నిలువు గీతలు గీసి, చివర్లు రెండూ పైకి లేచేలా వంచి చూడండి. పైన గీతలు దగ్గరకొస్తాయి, కింద ఎడంగా జరుగుతాయి, మధ్యలో ఒకచోట దూరం అసలు మారదు, అదే న్యూట్రల్ యాక్సిస్. ఇలా వంగితే సాగింగ్. ఇక స్ట్రెయిన్ సైన్: పొడవు పెరిగితే ప్లస్, కుదించుకుపోతే మైనస్ (సాయిల్ మెకానిక్స్ వాళ్ళు మాత్రం కంప్రెషన్‌నే ప్లస్ అంటారు, మట్టిని లాగి చూసేదేముంది కదా).

ఇప్పుడు 1 మి.మీ. మందం స్టీల్ స్కేలుని 500 మి.మీ. రేడియస్‌కి ఇలాగే వంచారనుకోండి. న్యూట్రల్ యాక్సిస్ నుంచి అంచుకి 0.5 మి.మీ., అంటే స్ట్రెయిన్ 0.001, అదే 1000 మైక్రోస్ట్రెయిన్ (పది లక్షల్లో వెయ్యి వంతులు). కింద స్ట్రెయిన్ గేజ్ (స్ట్రెయిన్ కొలిచే చిన్న పట్టీ) అంటిస్తే ప్లస్ 1000 చూపిస్తుంది, పైన అంటిస్తే మైనస్ 1000. మీరు వై ఎటు కొలిచారో దానికి అనవసరం. వై పైకి కొలిస్తే కింది అంచుకి వై నెగటివ్, దాన్ని ప్లస్ చెయ్యడానికే ఆ మైనస్, కిందికి కొలిచినవాళ్ళకి దాని అవసరమే రాలేదు, అంతే.

ఒక తమాషా ఏంటంటే, డిఫ్లెక్షన్ వి ని (బీమ్ తన చోటు నుంచి ఎంత జరిగిందో) కూడా వై వైపే కొలిస్తే, స్ట్రెయిన్‌కి మైనస్ వై ఇంటూ వి డబుల్ డాష్ (వి ని రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే వచ్చేది) అనే రూపం రెండు పద్ధతుల్లోనూ మారదు, ఎందుకంటే రెండూ కలిసే తిరగబడతాయి. మారేది మొమెంట్ ఈక్వేషన్: సాగింగ్ మొమెంట్ ప్లస్ అనుకుంటే వి పైకి కొలిచినప్పుడు ఎమ్ ఈక్వల్స్ ఈఐ వి డబుల్ డాష్ (ఎమ్ అంటే మొమెంట్, బీమ్‌ని వంచే ప్రభావం; ఈఐ అంటే వంగకుండా ఆపే బిగువు), కిందికి కొలిస్తే దాని ముందు మైనస్. మీ మార్కులు బహుశా ఇక్కడే పోయుంటాయి, స్ట్రెయిన్ ఒక పుస్తకంలోంచి, మొమెంట్ ఇంకోదాంట్లోంచి తెచ్చుంటారు. ఈసారి ఆన్సర్ షీట్లో ముందు వై బాణం గీసేసి, ఆ తర్వాతే మొదలుపెట్టండి.

బాల్కనీ లాంటి, ఒక చివరే బిగించి ఉండే కాంటిలివర్‌కి ఇదంతా తలకిందులు, అక్కడ హాగింగ్ (సాగింగ్‌కి ఎదురు వంపు), పైనే టెన్షన్ (లాగుడు), అందుకే మెయిన్ కమ్మీ పైన వేస్తారు.