డిమెన్షియా ఉన్న అమ్మకి కాలక్షేపం: మా ఇంట్లో పనికొచ్చింది బీడీల చాట

"డిమెన్షియా ఉన్న అమ్మ చేతికి ఏమిస్తే కాసేపు కుదురుగా కూర్చుంటుంది, ఆన్‌లైన్‌లో దొరికే పజిల్స్, బొమ్మలు కొనొచ్చా" అని అడిగారు. కొనకండి. కొని కొని విసిగిపోయి చెప్తున్నా.

మా అమ్మకి 74. జగిత్యాల దగ్గర పల్లెటూరు, చిన్నప్పటి నుంచి బీడీలే చుట్టింది, రోజుకి వెయ్యి. ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లోనే ఉంటుంది. డాక్టరేమో "ఎంగేజ్ చేస్తూ ఉండండమ్మా" అని అయిదు నిమిషాల్లో పంపించేసిండు, ఎట్లా చెయ్యాలో ఆయన చెప్పడు. సరే అని పెద్ద ముక్కల పజిల్, కలరింగ్ బుక్కు, ఇంకా ఇంగ్లండ్‌లో ఆస్పత్రుల్లో ఇస్తారంటే గుండీలు రిబ్బన్లు కుట్టిన, చేతులు దూర్చుకునే ఊలు తొడుగు ఒకటి, అన్నీ తెప్పించిన. మామూలు బొమ్మే, మీద డిమెన్షియా అని రాస్తే చాలు రేటు ఎక్కడికో పోతది. అమ్మ పజిల్ చూసి "నేనేమన్న అంగన్‌వాడి పిల్లనా" అని పక్కకి నెట్టేసింది. తొడుగుకున్న గుండీలు ఒక్కొక్కటే పీకేసింది.

పొద్దు గూకితే చాలు, తలుపు దగ్గర నిలబడి "టేకేదార్ వస్తడు, లెక్క అప్పజెప్పాలె" అని ఒకటే గొడవ. టేకేదార్ అంటే బీడీలు లెక్కజూసి తీసుకుపోయే కాంట్రాక్టర్. చీర కొంగు వేళ్ళ మధ్య చుడుతుండేది, పేపర్ చింపి చుడుతుండేది. కేర్‌టేకర్ అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండానే "మేడం, మొత్తం చెత్త చేస్తుంది" అని కంప్లైంట్. నేను కూడా పేపర్లన్నీ దాచేసిన, అంత తెలివి నాది. మా పెద్దమ్మ చూడ్డానికొచ్చి రెండు నిమిషాల్లో తేల్చేసింది: "అది బీడీలు చుడ్తున్నది గదనే పిచ్చిదానా!"

ఊరి నుంచి బీడీలు చుట్టే తునికాకు కట్టెడు తెప్పించినం. రాత్రి నానబెట్టి, నీళ్ళు వంపేసి, తడిగుడ్డలో చుట్టి పెట్టిన. కత్తెర ఇవ్వాలంటే భయమేసి ఆకు నేనే కత్తిరించిన. తంబాకు ఎట్లాగూ ఇవ్వం కదా, వాడేసిన టీ పొడి ఎండబెట్టి చాటలో పోసిన. అమ్మ చిటికెడు తీసి వాసన చూసి "గిదేం తంబాకు, ఘాటే లేదు" అని మొహం చిట్లించింది, అయినా చేతులు ఆగలేదు. ఆకు పట్టడం, పొడి వెయ్యడం, చుట్టడం, గోటితో మూతి మడవడం, దారం కట్టడం. నా పేరే అప్పుడప్పుడు మర్చిపోయే మనిషి, ఇరవై దాకా లెక్కబెట్టమంటే పన్నెండు దగ్గర తప్పిపోయే మనిషి, కట్ట కట్టింది. నేను విప్పి లెక్కబెట్టిన, సరిగ్గా 25!

చాలామందిలో కొత్త సంగతులు దాచుకునే భాగం మెదడులో ముందు దెబ్బతింటుందంట, ఏళ్ళ తరబడి చేసిన చేతిపని జ్ఞాపకం వేరే చోట ఉంటుంది కాబట్టి చాలా కాలం నిలుస్తుందంట. అందుకే మీ అమ్మగారు ఏం పని చేసేవారో అది గుర్తుచేసుకోండి. మల్లెపూలు మాల కట్టేవారా, బియ్యంలో రాళ్ళు ఏరేవారా, గుండీలు కుట్టేవారా? అదే ఇచ్చి చూడండి. ఇంకోటి, వచ్చిన చుట్టాలు "నేనెవర్నో చెప్పుకో చూద్దాం" అని పరీక్షలు పెడతారు చూడండి, వాళ్ళని మాత్రం దగ్గరికి రానీయకండి.

ఇప్పుడు సాయంత్రం ఆరింటికి మా బాబే టేకేదారు. నోట్‌బుక్కు పట్టుకుని వచ్చి "అన్నీ మంచిగున్నయ్ అమ్మమ్మా" అని రాసుకుంటడు. అసలు టేకేదార్లు బాగలేవని ఎన్ని పక్కకి తీసేసేవాళ్ళో, ఆ బీడీలకి పైసా ఇచ్చేవాళ్ళు కాదు. ఆ పని చేసీ చేసీ అమ్మ వేలిముద్రలు అరిగిపోయినయ్, 2016 రూపాయల బీడీ పెన్షన్‌కి మెషీన్ మీద వేలు పెడితే పడేది కాదు, ప్రతిసారీ నాలుగుసార్లు తుడిచి పెట్టించాల్సొచ్చేది. నిన్న మా బాబు ఒక కట్టలో 24 ఉన్నయని నవ్వుతూ చెప్పిండు, అమ్మ వాడి చేతిలోంచి కట్ట గుంజుకుని, ఒళ్ళో రాలిపడ్డ బీడీ తీసి అందులో దోపింది.