మూసీ మ్యాపు వేసే ముందు

బిడ్డా,

నువ్వు పంపిన మూసీ నీటి కాలుష్యం మ్యాపు చూశాను. రంగులు ముచ్చటగా ఉన్నాయి గానీ, లంగర్‌హౌజ్‌లో ఇళ్ల కప్పుల మీద కూడా డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంతో చూపిస్తోంది! ఐడీడబ్ల్యూ (కొలిచిన పాయింట్ల దూరాన్ని బట్టి మధ్య చోట్లకు అంచనా వేసే పద్ధతి) నొక్కితే అంతే. పాయింట్ల మధ్య తిన్నగా దూరం కొలవడమే దానికి తెలుసు, నీళ్లు ఎటు పారుతాయో తెలియదు. ఉస్మాన్‌సాగర్ నుంచి మూసీ, హిమాయత్‌సాగర్ నుంచి ఈసీ వచ్చి బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. అక్కడిదాకా దేని మురుగు దానిదే. నీ మ్యాపు ఒకదాని మురికి ఇంకోదానికి పూసింది.

ముందు ఏటిని పారే దిక్కుగా గీతలా గీసుకో. బాపూఘాట్‌ను సున్నా అనుకుని, ప్రతి పాయింటూ ఏటి వెంబడి ఎన్ని కిలోమీటర్లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తీయి. నాలా కలిసే చోటు, ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) నీళ్లు వదిలే చోటు, కత్వ (ఏటికి అడ్డంగా కట్టిన చిన్న కట్ట), ఇలాంటి చోటల్లా గీతను తెంపు. రంగు ఆ ముక్కలకే. శాంపిల్ తీయని ముక్కకు బూడిదరంగు వెయ్యి, అందులో సిగ్గుపడేదేం లేదు.

కత్వల దగ్గర మాత్రం జాగ్రత్త. పైనుంచి దూకే నీరు గాలిని కలుపుకుంటుంది కాబట్టి కింద డీవో పెరుగుతుంది. మ్యాపులో నీళ్లు బాగుపడ్డట్టే కనిపిస్తుంది. బీవోడీ (మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) చూస్తే మురుగు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. అందుకని పైనొకటి, కిందొకటి తీయి, డీవో ఒక్కదాన్నే నమ్మకు. నాలా కలిసిన చోటనే ముంచావంటే నీ సీసాలోకి వచ్చేది నాలా నీరే. కొంచెం దిగువన వంతెన చూసుకుని, నడుమ నుంచి బకెట్ దించు.

డీవో సీసాను బుడగ లేకుండా నింపి, ఒడ్డునే ఫిక్స్ చెయ్యి, అంటే రసాయనాలు కలిపి ఆక్సిజన్ మారకుండా పట్టి ఉంచు. ల్యాబుకొచ్చి చేస్తే తేలేది సీసా డీవో, ఏటిది కాదు. ప్రతి శాంపిల్‌కూ టైం రాయి. నాచున్న చోట తెల్లవారుజామున డీవో అడుగంటుతుంది, మధ్యాహ్నానికి ఎగబాకుతుంది. ఒక చోట పొద్దున, ఇంకో చోట మధ్యాహ్నం తీసి పక్కపక్కన పెడితే నువ్వు చూపించేది ఎండను.

నీ ఎక్సెల్‌లో ఒక వరుస తేడాగా ఉంది. అక్షాంశం 17 డిగ్రీల 22 నిమిషాలను 17.22 అని కొట్టావు. అది 17.367 కావాలి. పాయింటు 16 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయింది. ఇంకోటి, మూసీ పుట్టే అనంతగిరి గుట్టలు 78 డిగ్రీల రేఖాంశానికి పడమర, అంటే యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి కొలిచే పద్ధతి) 43వ జోన్. హైదరాబాద్ 44. రెండూ కలపకు, మొత్తం 44లోనే ఉంచు.

రంగుల హద్దులు సాఫ్ట్‌వేర్‌ను తేల్చనివ్వకు. ఉన్నవాటిలో కాస్త తక్కువ మురికిదానికి పచ్చరంగు కట్టబెడుతుంది. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో స్నానానికి డీవో లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీవోడీ 3 దాటకూడదు. ఆ హద్దులే పెట్టు. నగరంలో మూసీ అంతా ఎర్రగా వస్తే రానీ, గైడు ఏమన్నా మార్చకు.

వాడపల్లి వెళ్లినప్పుడు మూసీ కృష్ణలో కలవకముందే శాంపిల్ తీయి. సంగమంలో ముంచితే కృష్ణ నీళ్లు కలిసి లెక్క పలచబడుతుంది.

మీ పెద్దనాన్న